ఈసాప్‌ల కోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. ఒక టెక్ స్టార్టప్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. జీతం ఏడాదికి 26 లక్షలు. రాజీనామా చేశాను, మూడు వారాల్లో రిలీవ్ అయి మరో స్టార్టప్‌లో చేరుతున్నాను. ఈసాప్‌లు, అంటే కంపెనీ షేర్లను ముందే ఖరారైన ధరకు కొనుక్కునే హక్కులు, వెస్ట్ అయినవి (వాడుకునే వీలు వచ్చినవి) 8,000 ఉన్నాయి. ఒక్కోటి 20 రూపాయలకు తీసుకోవచ్చు. ఇప్పటి విలువ 520 రూపాయలని కంపెనీ చెబుతోంది. మానేసిన 90 రోజుల్లో తీసుకోకపోతే రద్దవుతాయి. పొదుపు 3 లక్షలు ఉంది. 9 లక్షల పర్సనల్ లోన్ మంజూరైంది. మా ఆవిడ నగల మీద ఇంకో 4 లక్షలు తెస్తే పన్నుతో సహా సరిపోతుంది. రెండేళ్లలో ఐపీఓ ఉంటుందని ఆఫీసులో అందరూ అంటున్నారు. భార్య, పాప, అమ్మానాన్న నా మీదే ఆధారపడ్డారు. నెల ఖర్చు 75 వేలు. నాన్నకు షుగర్, బీపీ ఉన్నాయి. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. లోన్ డబ్బు ఇంకా ఖాతాలో పడకపోతే బ్యాంకుకు ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పండి. నగలు బీరువాలోనే ఉంచండి.

మీ ఒక్కరి కోసమైతే ఇంత పొడుగ్గా రాసేవాణ్ని కాదు. స్టార్టప్ మానేసేవాళ్లు చాలామంది, చేతికొచ్చిన షేర్లను వదులుకోవడం ఎందుకని సరిగ్గా ఇదే దారి పడుతున్నారు. మీ లెక్కలో ఆ షేర్ల విలువ 41 లక్షల 60 వేలు. వాటిని కొనే మనిషి దొరికేదాకా నా లెక్కలో అది డబ్బు కాదు. కానీ ఆదాయపన్ను శాఖ అప్పటిదాకా ఆగదు.

520కీ 20కీ ఉన్న తేడా, అంటే 8,000 షేర్ల మీద 40 లక్షలు, మీరు షేర్లు తీసుకున్న ఏడాది జీతంలో కలుస్తుంది. దాంతో ఆదాయం 50 లక్షలు దాటి, మొత్తం పన్ను మీద 10 శాతం సర్‌ఛార్జీ కూడా పడుతుంది. కొత్త విధానంలో మీ మీద అదనంగా పడే పన్ను దాదాపు 14 లక్షలు. షేర్ల ధర లక్షా 60 వేలే. అంటే మీరు అప్పు చేస్తున్నది షేర్లు కొనడానికి కాదు, ఇంకా చేతికి రాని లాభం మీద పన్ను కట్టడానికి.

రేపు ఆ షేరు 50 రూపాయలకు పడిపోయిందనుకోండి. కట్టిన 14 లక్షలు వెనక్కి రావు. అప్పుడు అమ్మితే వచ్చే నష్టాన్ని జీతం ఆదాయంలో సర్దుకోవడానికి చట్టం ఒప్పుకోదు. మూలధన లాభాల్లోనే సర్దుకోవాలి, లేదంటే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లాలి. స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాని షేరుకు ఆ నష్టం చూపించుకోవాలన్నా ముందు కొనేవాడు కావాలి కదా!

ఇక ఆ 520 సంగతి. అది పన్ను లెక్క కోసం మర్చంట్ బ్యాంకర్ కట్టిన విలువ. ఇన్వెస్టర్ల దగ్గర సాధారణంగా ప్రిఫరెన్స్ షేర్లుంటాయి, వాటికి లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఉంటుంది, అంటే కంపెనీ అమ్ముడుపోయినా మూతపడినా ముందు వాళ్ల డబ్బు వాళ్లకు చెల్లించాలి. కంపెనీ 600 కోట్లు సమీకరించి చివరికి 500 కోట్లకు అమ్ముడుపోతే, ఆ 500 కోట్లూ వాళ్లకే పోవచ్చు. ఉద్యోగుల ఈక్విటీకి ఏమీ మిగలదు. కంపెనీ దివాలా తీసి లిక్విడేషన్‌కు వెళితే, 2016 నాటి దివాలా చట్టంలోని 53వ సెక్షన్ ప్రకారం ఈక్విటీ వాటాదారులు వరుసలో అందరికన్నా చివర నిలబడాలి. ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్‌ను 2022లో 2,200 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. 2024 జులైలో అది దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మీ కంపెనీ అలా అవుతుందని నేననడం లేదు. 'అందరూ అంటున్నారు' అనే మాట మీద 13 లక్షల అప్పు చేయకూడదని మాత్రం గట్టిగా అంటున్నాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది మీ 3 లక్షల పొదుపు. అది నాలుగు నెలల ఖర్చు. దాన్నీ ఊడ్చి ఇందులో పెడతానంటున్నారు. పర్సనల్ లోన్ ఐదేళ్లకు, 14 శాతం వడ్డీకి తీసుకున్నా ఈఎంఐ 21 వేలు దాకా వస్తుంది. నెల ఖర్చు 96 వేలు. బంగారం మీద వడ్డీ వేరే. చేతిలో నిల్వ సున్నా. చేరబోయేది కూడా స్టార్టప్‌లోనే. ఫండింగ్ ఎండిపోతే పాత కంపెనీ ఐపీఓ వాయిదా పడుతుంది, కొత్త కంపెనీ మనుషుల్ని తీసేస్తుంది, రెండూ ఒకే కాలంలో. షేర్లు అమ్ముడుపోక, జీతం రాక, ఈఎంఐ మాత్రం 5వ తారీఖున ఠంచనుగా వస్తుంది. ఆ నెలలో మీకు ఎవరు అప్పిస్తారు?

మామూలు ఉద్యోగికి నేను ఆరు నెలల అత్యవసర నిధి చెబుతాను. ఐదుగురు ఒక్క జీతం మీద బతుకుతూ, ఆ జీతం ఇచ్చేది స్టార్టప్ అయితే పన్నెండు నెలలకు తగ్గకూడదు. మీకు అది 9 లక్షలు. బ్యాంకు అప్పుగా ఇస్తానంటున్న మొత్తం ఎంతో, పొదుపుగా మీ దగ్గర ఉండాల్సిందీ సరిగ్గా అంతే. ఇది సమకూరేవరకు షేర్లూ లేవు, కొత్త సిప్‌లూ లేవు. ఈఎంఐ కింద పోవాల్సిన ఆ 21 వేలకు ఇంకో 10 వేలు చేర్చి ప్రతి నెలా విడి ఖాతాలోకి మళ్లించండి. ఇప్పుడున్న 3 లక్షలతో కలిపి, ఏడాదిన్నర దాటితే 9 లక్షలకు దగ్గర పడతారు.

మరీ మనసొప్పకపోతే, ఫైనల్ సెటిల్‌మెంట్‌లో వచ్చే డబ్బుతో 500 షేర్లు తీసుకోండి. ధర 10 వేలు, పన్ను సుమారు 78 వేలు. అవి పూర్తిగా పోయినా ఇల్లు కదలదు. గడువు పొడిగిస్తారేమో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి, కొన్ని కంపెనీలు ఏళ్ల గడువు ఇస్తున్నాయి. కంపెనీయే షేర్లు తిరిగి కొనే బైబ్యాక్ ఉంటుందేమో కూడా కనుక్కోండి. అర్హత పొందిన స్టార్టప్‌లలో పన్ను వాయిదా సదుపాయం ఉన్నా ఉద్యోగం మానగానే అది ముగుస్తుంది కాబట్టి మీకు పనికిరాదు. కొత్త ఆఫర్‌లో ఈసాప్‌లు ఉంటే, మానేశాక ఎన్నాళ్లు గడువిస్తారో సంతకం చేసే ముందే చూసుకోండి.

మీరు ప్రశ్నలో అడగని విషయం ఇంకొకటి ఉంది. నాన్నగారు ఇప్పుడు మీ కంపెనీ గ్రూప్ ఆరోగ్య బీమా పాలసీలో ఉంటే, మీరు రిలీవ్ కాగానే ఆ కవర్ పోతుంది. కొత్త కంపెనీ పాలసీలో తల్లిదండ్రులు ఉన్నారో లేదో ఈరోజే అడగండి. ఉన్నా సరే, ఆయనకు సొంత పాలసీ కావాలి. కొత్తగా తీసుకుంటే షుగర్, బీపీలాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) పెట్టవచ్చు. గ్రూప్ పాలసీ ఇచ్చిన బీమా కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారితే, ఇన్నాళ్లు కవర్‌లో ఉన్న కాలం లెక్కలోకి వచ్చే అవకాశం ఉంటుంది. దరఖాస్తు మాత్రం గ్రూప్ కవర్ ముగియకముందే వెళ్లాలి. మీకున్నది మూడు వారాలే. నాన్నగారి రిపోర్టులు ఏవీ దాచకుండా జతచేసి ఈ వారమే పంపండి.