లెప్టిన్ ఎక్కువ, అడిపోనెక్టిన్ తక్కువ: మందు అవసరమా?

మీ 9 ఏళ్ల బాబు బరువు ఎక్కువని, రిపోర్టులో లెప్టిన్ ఎక్కువగా, అడిపోనెక్టిన్ తక్కువగా వచ్చాయని రాశారు. లెప్టిన్ తగ్గించే మందు ఉందా అని అడిగారు. ముందు టెన్షన్ పడకండి.

ఈ రెండు ప్రొటీన్లూ ఎక్కువగా కొవ్వు కణాల్లోనే తయారై రక్తంలోకి వస్తాయి. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ లెప్టిన్ పెరుగుతుంది. అంటే బాబు బరువుకి కారణం అది కాదు, బరువు వల్లే అది పెరిగింది. ‘ఇక చాలు’ అని మెదడుకి చెప్పడం దాని పని. ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే మెదడు ఆ మాట సరిగా వినదు, ఆకలి తగ్గదు. అడిపోనెక్టిన్ దీనికి తారుమారు: కొవ్వు పెరిగితే తగ్గిపోతుంది. కండరాలు కొవ్వుని ఖర్చు చేయడానికి, ఇన్సులిన్ బాగా పనిచేయడానికి తోడ్పడేది అదే. కాబట్టి తగ్గించాల్సింది లెప్టిన్‌ని కాదు, కొవ్వుని. పుట్టుకతో లెప్టిన్ అసలు తయారుకాని పిల్లలు చాలా అరుదు. వాళ్లకి పసితనం నుంచే తీరని ఆకలి ఉంటుంది, లెప్టిన్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. మీ బాబుది అది కాదు, లెప్టిన్ ఎక్కువే ఉందిగా.

నా ఉద్దేశంలో ఆ పరీక్ష మళ్లీ చేయించక్కర్లేదు. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వులు), లివర్‌కి ఏఎల్‌టీ అనే రక్త పరీక్ష, బీపీ చూపించండి. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, తాకితే మఖమల్‌లా ఉందా? రుద్దినా పోకపోతే అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదనే సూచన కావచ్చు.

పస్తులు మాత్రం పెట్టకండి. ఎదిగే వయసు కదా, చాలామంది పిల్లల్లో బరువు పెరగకుండా ఆపితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. ఎత్తే పెరగకపోతే పిల్లల హార్మోన్ డాక్టర్‌ని త్వరగా కలవండి.