చేపపిల్లలు కొంగలకు చిక్కుతున్నాయి... పురుగు మెదడుకెక్కిందా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర. నర్సరీ చెరువులో కొన్ని బొచ్చె పిల్లలు మందలో కలవకుండా పైపైనే తిరుగుతున్నాయి. మనిషి నీడ పడినా బెదరడం లేదు. కొంగలు తేలిగ్గా ఏరుకుపోతున్నాయి. చేపల మెదడుకు పట్టే పురుగు ఉంటుందని వీడియోలో చూశాక టెన్షన్‌గా ఉంది సార్. ఏ మందు చల్లాలి?

జవాబు: మందు సంగతి తర్వాత. ఆ పిల్లలు ఏ వేళలో పైకి వస్తున్నాయో ముందు చూడండి. తెల్లవారుజామున అన్నీ నోళ్లు తెరుచుకుని తేలి, ఎండెక్కాక సర్దుకుంటే అది ఆక్సిజన్ లోటు. ఏరియేటర్ తిప్పండి, మేత తగ్గించండి. కర్రలకు ఒళ్లు రాసుకుంటూ ఎగిరిపడుతుంటే చేప పేను కావచ్చు. మన చెరువుల్లో ఎక్కువగా చూసేది ఈ రెండే. ఇవేవీ కాక, రోజంతా కొన్ని పిల్లలే అలా తిరుగుతుంటే మీ అనుమానాన్ని కొట్టిపారేయలేం.

వీడియోలో చెప్పింది కట్టుకథ కాదు. ఉత్తర అమెరికాలో ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపకు ఒక చదును పురుగు మెదడులోనే, చూపును నడిపే భాగంలో చేరుతుంది. డిప్లోస్టోమమ్ అనే ఇంకో పురుగు కంటి కటకంలో ఉంటుంది. అక్కడికి రక్తం పారదు కాబట్టి చేప రోగనిరోధక శక్తి దాన్ని పట్టించుకోదు. ఫిన్లాండ్‌లో రెయిన్‌బో ట్రౌట్ పిల్లల మీద చేసిన పరీక్షల్లో ఒక తమాషా తేలింది. పురుగు లేతగా ఉన్నన్నాళ్లూ చేప కదలికలు తగ్గించుకుని, వలకు అంత తేలిగ్గా దొరకలేదు. పురుగు ముదిరాక మాత్రం సులువుగా చిక్కింది. ముదరకముందే పక్షి మింగితే పురుగుకే నష్టం మరి! అది గుడ్లు పెట్టేది పక్షి పేగులోనే. రెట్టతో గుడ్లు నీళ్లలో పడతాయి, పొదిగిన పిల్లలు నత్తలో పెరుగుతాయి, అక్కడి నుంచి చేప చర్మంలోకి దూరతాయి.

అలా తిరిగే పిల్లను ఒకదాన్ని పట్టి కన్ను చూడండి. నల్లగుడ్డు పాలరంగుకు తిరిగితే అనుమానం బలపడినట్టే. బతికున్న పిల్లలను ఆక్సిజన్ కవర్లో ల్యాబుకు తీసుకెళ్లండి. ఆవగింజంత కటకాన్ని తీసి మైక్రోస్కోపు కింద పెడితే పురుగులు మెదలడం కనిపిస్తుంది.

కంట్లో, మెదడులో చేరిన పురుగుకు చెరువంతా మందు చల్లడం డబ్బు దండగ. నత్తలను పట్టండి. సాయంత్రం తాటాకులు నీళ్లలో వేసి, పొద్దున్నే అతుక్కున్న నత్తలతో సహా లాగి గట్టుకు దూరంగా ఎండబెట్టండి. గట్ల వెంట నాచు, కలుపు తీయించండి. నర్సరీ మీద పక్షుల వల కట్టండి. ఈ పంట అయ్యాక చెరువు పూర్తిగా ఎండగట్టి, సున్నం చల్లాకే మళ్లీ పిల్ల వదలండి.