పెద్ద నాటకం రిహార్సల్‌కు వెళ్తున్న కొత్త రచయిత్రికి

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. పాతిక మంది నటించే నాటకంలో నీకు గుంపులో వేషం, రెండంటే రెండే డైలాగులు. అక్కడ నేర్చుకునేదేముంటుందని దిగులు పడుతున్నావు. నాటకాలు రాయాలనుకునే నీకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ముఖ్య పాత్రధారికి తన వేషంతోనే సరిపోతుంది, చుట్టూ చూసే తీరిక నీకే ఉంటుంది.

స్క్రిప్టును ఒకవైపే ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకో. ఎదురుగా వచ్చే ఖాళీ పేజీ నీ నోట్సుకు. పెన్సిల్‌తోనే రాయి, మొదట్లో ఇచ్చిన మూవ్‌మెంట్లు తర్వాత చాలా మారతాయి. కుడి, ఎడమ అని రాసేటప్పుడు ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడ్డ నటుడి కుడి ఎడమలే లెక్క. ఇది తారుమారైతే నోట్సంతా దండగ.

తొలి రీడింగ్ నాడు ఒక్కో సీనుకు ఎంతసేపు పట్టిందో రాసుకో, కానీ ఆ లెక్కను నమ్మేయకు. కూర్చుని చదివేటప్పుడు నడకలుండవు, మౌనాలుండవు, వస్తువులు తీయడం పెట్టడం ఉండదు. లేచి ఆడితే నిడివి పెరుగుతుంది. డైలాగులు నోటికి వచ్చాక సాధారణంగా కొంత తగ్గుతుంది. మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడు. తగ్గని సీను ఉందంటే, అక్కడ మాటలు ఎక్కువయ్యాయా, నటులకు చేసేందుకు పనేమీ లేకుండా పోయిందా అన్నది ఆరా తియ్యి.

స్క్రిప్టు చేతిలో లేకుండా ఆడే మొదటి రోజున మాత్రం, మర్చిపోయిన డైలాగు అందించే ప్రాంప్టర్ పక్కనే కూర్చో. నాటక రచనలో అంత మంచి పాఠం ఇంకోటి లేదు. ఎవరెక్కడ ఆగితే అక్కడ చుక్క పెట్టు. ఒకే డైలాగు దగ్గర మూడు చుక్కలు పడితే, నటుడు చదవలేదని వెంటనే అనేయకు. ఎదుటివాడి మాటలోంచి పుట్టని డైలాగు నోట నిలవదు. ఇంకో ప్రమాదం ఒకే రకం క్యూలు, అంటే నటుడు తన డైలాగు ఎత్తుకోవడానికి గుర్తుగా పెట్టుకునే అవతలివాడి మాటలు. రెండో సీన్లో, ఐదో సీన్లో కూడా "నీకెవరు చెప్పారు?" అని ఉందనుకో. నటుడు రెండో సీన్లో ఐదో సీను జవాబు చెప్పేస్తాడు, అవతలివాడు దాన్నే అందుకుంటాడు, మధ్య కథంతా గల్లంతు. ఒకచోట "ఆ మాట ఎక్కడ విన్నావు?" అని మారిస్తే చిక్కు విడిపోతుంది.

గుంపు సీన్లలో రచయితలు స్టేజీ కొలతలు మర్చిపోతారు. "జనం ప్రవేశిస్తారు" అని రాయడానికి ఒక్క లైను చాలు. స్టేజీ పక్కన నటులు వచ్చిపోయే దారి వింగ్. ఇద్దరికి మించి పట్టని వింగ్‌లోంచి ఇరవై మంది రావాలంటే, ముందువాళ్లు నిలబడేసరికి చివరివాళ్లు ఇంకా లోపలే ఉంటారు. ఆ అడుగుల చప్పుడులో కథకు కీలకమైన మాట పెడితే ఎవరికీ వినపడదు. ముందు రెండు మూడు మామూలు మాటలు నడిపించి, అలికిడి సద్దుమణిగాక అసలు మాట చెప్పించాలి. పాతిక మంది ఒక్క గొంతుతో "అన్యాయం!" అంటే బళ్లో ఎక్కం అప్పజెప్పినట్టుంటుంది. అందుకే దర్శకులు గుంపును ఐదారుగురి చొప్పున విడదీస్తారు. నువ్వు నీ పాత్రకు ఒక పేరు పెట్టుకో. అక్కడికి ఏ పని మీద వచ్చిందో, పక్కన నిలబడ్డవాళ్లలో ఎవరిని నమ్మదో తేల్చుకో.

వేషం మార్పిడి సంగతీ అంతే. ఒకే నటుడు రాజుగా వెళ్లి బిచ్చగాడుగా రావాలి, మధ్యలో ఉన్నది నాలుగు డైలాగులు. కిరీటం, నగలు, బట్టలు విప్పి, కొత్తవి తొడిగి, తెర వెనక నుంచి అవతలి వింగ్‌కు చేరడానికి అవి ఏమూలకూ చాలవు. అందరూ సొంత బట్టల్లో ఉన్నంతకాలం ఇది బయటపడదు. డ్రెస్ రిహార్సల్‌లో స్టేజీ ఖాళీగా మిగిలిపోయినప్పుడు తెలుస్తుంది. నువ్వు ముందే ఆ మార్పిడికి పట్టే టైము చూసి సహాయ దర్శకుడికి చెప్పు. ఏదైనా ఆయనకే, అదీ రిహార్సల్ అయ్యాకే. తోటి నటులకు నువ్వు సలహాలివ్వకు. నీ సలహా ఒకటి, దర్శకుడిది ఇంకొకటి అయితే నలిగేది ఆ నటుడే.

స్క్రిప్టు వదిలి ఆడిన మొదటి వారం నోట్సు నాకు పంపు. దానితో పాటు నువ్వు సొంతంగా రాసిన గుంపు సీను ఒకటి, ఒక్క పేజీ చాలు. ఎవరు ఏ వింగ్‌లోంచి వస్తారో మార్జిన్‌లో వేసి మరీ పంపు.

ఆశీస్సులతో.