మెకానికల్ ఇంజినీరు దగ్గర ఉండవలసిన పుస్తకాలు

డిజైన్ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇంజినీరు ముందుగా ఏ రిఫరెన్స్ పుస్తకాలు కొనుక్కోవాలని మీరు అడిగారు. యంత్రభాగాల డిజైన్‌లో చాలాకాలంగా పనిచేస్తున్న నేను మొదట చెప్పే పేరు 'మెషినరీస్ హ్యాండ్‌బుక్'. 1914లో తొలిసారి వెలువడిన ఈ గ్రంథంలో మరలు, గేర్లు, టాలరెన్సులు (కొలతల్లో అనుమతించే తేడాలు), కటింగ్ స్పీడ్లు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఉదాహరణకు, 25 మి.మీ. షాఫ్ట్‌కు హెచ్7/జి6 ఫిట్ (షాఫ్ట్ రంధ్రంలో ఎంత వదులుగా కూర్చోవాలో తెలిపే సంకేతం) ఇస్తే రంధ్రం 25.000 నుంచి 25.021 వరకు, షాఫ్ట్ 24.980 నుంచి 24.993 వరకు ఉండవచ్చని, అంటే రెండింటి మధ్య ఖాళీ 7 నుంచి 41 మైక్రాన్ల దాకా మారుతుందని పట్టిక చూసిన నిమిషంలోనే తేలిపోతుంది. డ్రాయింగ్ విడుదల చేసే ముందు ఈ రెండు హద్దులనూ చూసుకోవడం నాకు అలవాటు.

రెండవది, నాకు అత్యంత ఇష్టమైనది, రోర్క్ రచించిన 'ఫార్ములాస్ ఫర్ స్ట్రెస్ అండ్ స్ట్రెయిన్'. కంప్యూటర్‌లో ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణ (భాగాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి ఒత్తిడిని, వంపును లెక్కగట్టే పద్ధతి) చేసిన ప్రతిసారీ, దానికి దగ్గరగా ఉండే కేసును ఇందులో వెతికి, చేత్తో లెక్కవేసి, రెండు ఫలితాలూ ఒకే స్థాయిలో ఉన్నాయో లేదో చూస్తాను. అయితే సూత్రం కంటే ముందు దానికి వర్తించే షరతులను చదవాలి. పలుచని ప్లేటు వంపు దాని మందంలో దాదాపు సగాన్ని మించితే మామూలు ప్లేటు సూత్రాలు చెల్లవు. అప్పటినుంచి ప్లేటు సాగుతూ కూడా బరువు మోస్తుంది కనుక ఆ సూత్రాలు వంపును ఎక్కువగా చూపిస్తాయి.

మెషిన్ డిజైన్‌కు షిగ్లీ పుస్తకం మంచిదే కానీ, మీరు చదువుకున్న పాఠ్యపుస్తకం వేరొకటైతే దానినే ఉంచుకోండి, ఏ విషయం ఏ అధ్యాయంలో ఉందో తెలిసిన పుస్తకమే పనిలో త్వరగా అక్కరకొస్తుంది. మన విభాగం కాని విషయం ఎదురైనప్పుడు తొలి పరిచయానికి 'మార్క్స్ హ్యాండ్‌బుక్' చాలు.

బేరింగ్ తయారీదారుల కేటలాగును కూడా పుస్తకంగానే భావించి చదవమని నా మనవి. బాల్ బేరింగ్ మీద భారం రెట్టింపైతే లెక్క ప్రకారం దాని ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుందన్న సంగతితో పాటు, లూబ్రికేషన్, ఫిట్‌ల ఎంపిక కూడా అందులో వివరంగా ఉంటాయి.

పై పుస్తకాలలో పాత కూర్పులు దొరికినా నిస్సంకోచంగా కొనండి, వాటిలోని సూత్రాలకు కాలదోషం పట్టదు. ప్రమాణాలు (స్టాండర్డ్స్) మాత్రం సవరణకు గురవుతూ ఉంటాయి కనుక, డ్రాయింగ్‌పై ప్రమాణం సంఖ్య వేసేటప్పుడు అమలులో ఉన్న ప్రతినే చూడండి.