లైటు పెట్టె మీద ‘90 నిమిషాలు’ ఉంటే అది దేని లెక్క?

విశాఖ మధురవాడలో కొత్త ఫ్లాటుకి ఫాల్స్ సీలింగ్ చేయిస్తున్నారు, లండన్‌లో ఉన్న మీ బావగారు 90 నిమిషాల ఫైర్ రేటింగ్ ఉన్న లైట్లే కొనమంటున్నారు, అవేమో మామూలు వాటికి మూడింతల ధర. కొనాలా వద్దా అని మీ ప్రశ్న. వద్దు. ఆ డబ్బుకు మీ ఇంట్లోనే ఇంకా మంచి ఖర్చు ఉంది.

ఆ 90 నిమిషాలు లైటు కాలకుండా ఉండే సమయం కాదు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. బావగారు ఉండే చోట చాలా ఇళ్లలో పై అంతస్తు చెక్క దూలాల మీద నిలుస్తుంది. వాటి కింద బిగించిన జిప్సమ్ బోర్డే మంటకు అడ్డు. లైటు కోసం రంధ్రం కొడితే ఆ అడ్డుకే చిల్లు పడుతుంది. అందుకని ఆ లైట్లలో వేడికి పొంగే పదార్థం పెడతారు, మంట లేచినప్పుడు అది ఉబ్బి రంధ్రాన్ని పూడుస్తుంది. 30, 60, 90 అనేవి లైటు అమర్చిన కప్పు పరీక్ష కొలిమి మీద ఎంతసేపు నిలిచిందో చెప్పే అంకెలు. అదీ ఆ పరీక్షలో వాడిన దూలాలకూ బోర్డుకూ మాత్రమే. మీకూ పై ఇంటివారికీ మధ్య ఉన్నది కాంక్రీటు స్లాబు. దాని కింద వేలాడే అలంకారానికి ఎన్ని చిల్లులు పెట్టినా స్లాబుకు ఏమీ కాదు. బావగారు తప్పు చెప్పలేదు, తన ఇంటికి సరిపోయేది చెప్పారు.

లైటు పెట్టె మీద ఉండే ఐపీ 65 కూడా మంటకేనా అని అడిగారు. కాదు, 6 దుమ్ముకు, 5 నీటి ధారకు. బాత్రూముకు పనికొస్తుంది, అంతే.

మన దగ్గర భయపడవలసింది లైటు వెనుక ఉన్న జానెడు చోటు గురించి. మాది లాసన్స్ బే కాలనీ, సముద్రం పక్కనే. మూడేళ్ల కిందట వంటగది లైటు మినుకుమినుకుమంటుంటే దాని ఆయుష్షు అంతే అనుకుని రెండు వారాలు వదిలేశాను. ఒక సాయంత్రం మా ఆవిడ “ఏదో కాలుతోంది, కుక్కర్ గాస్కెట్ మాత్రం కాదు” అంది. మెయిన్ ఆపి, స్టూలు ఎక్కి, స్ప్రింగ్ క్లిప్పులు నొక్కి లైటును కిందికి లాగాను. వైర్లు చేత్తో మెలితిప్పి నల్ల టేపు చుట్టారు. టేపు ఎండి పెచ్చులు లేచి ఒక పక్క మాడిపోయింది. విప్పితే రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. చిమ్నీకి కూడా ఆ ముడి నుంచే కరెంటు లాగారు! దానికి ఆనుకున్న ప్లైవుడ్ పట్టీ మీద అగ్గిపెట్టె అంత గోధుమరంగు మచ్చ.

ఉప్పుగాలికి వదులు ముడి తోడైతే జరిగేది ఇదే. ముడి పాడైన కొద్దీ అక్కడ వేడి, వేడికి ఇంకా వదులు. ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగే స్విచ్చి, పడిపోదు, ఎందుకంటే వైరులో కరెంటు పెరగదు. ఆ వారమే ఇంట్లో ఉన్న ఇరవై రెండు లైట్లూ దించి చూశాం. ఐదింటిది అదే వ్యవహారం.

కాబట్టి ముందు వైర్లను బిగించి కలిపే కనెక్టర్ల మీద ఖర్చు పెట్టండి. మెలితిప్పి టేపు చుట్టడం వద్దనీ, ప్రతి ముడీ కనెక్టర్‌తో మూత ఉన్న డబ్బాలో ఉండాలనీ ఎలక్ట్రీషియన్‌కు పని మొదలుకాకముందే చెప్పండి. తరువాత డ్రైవర్, అంటే ఎల్ఈడీ లైటుకు తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే చిన్న డబ్బా. దాని మీద భారతీయ ప్రమాణం నంబరు ఐఎస్ 15885, ఆర్‌తో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు చూసి కొనండి. లైటు మీద ‘టీఏ’ (ta) అనే గుర్తు పక్కన ఉన్న అంకె వెతకండి, చుట్టూ గాలి ఎంత వేడి వరకు అది తట్టుకుంటుందో అది చెబుతుంది. ఏమీ రాయకపోతే 25 డిగ్రీలకే తయారుచేసినట్టు లెక్క. మే నెలలో మన సీలింగ్ పైన 25 ఎక్కడిది? నేను 45 ఉన్నవి తీసుకున్నాను, ఒక్కోదానికి అరవై రూపాయలు ఎక్కువైంది.

మీది పై అంతస్తు అయితే ఇంకొక మాట. వేడి దిగకుండా సీలింగ్ మీద థర్మోకోల్ పరుస్తామని మేస్త్రి అంటాడు. అది వేడికి కరుగుతుంది, ఇట్టే అంటుకుంటుంది. అసలు వద్దనండి. వినకపోతే లైటూ డ్రైవరూ ఉన్న ప్రతిచోటా వెడల్పుగా కోసి తీయించండి. బోర్డు మూసేముందు ఫోనుతో పైన అంతా ఫోటోలు తీసి పెట్టుకోండి. నా దగ్గర అవి లేకపోబట్టే ఐదు లైట్ల కోసం ఇరవై రెండూ దించాల్సి వచ్చింది.