స్టుట్‌గార్ట్‌లో మనవాళ్లు చాలరా?

ప్రశ్న: మా కంపెనీ నన్ను మూడేళ్ల పనిమీద జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు పంపింది. ఆఫీసులో ఇంగ్లీషుతో పని జరిగిపోతోంది, సెలవు రోజుల్లో తెలుగు మిత్రులున్నారు. అయినా ఈ ఊరు ఇంకా పరాయిగానే అనిపిస్తోంది. స్థానికులతో పరిచయాలు పెంచుకోవడం నిజంగా అవసరమా?
– ఒక పాఠకుడు, తెనాలి (ప్రస్తుతం స్టుట్‌గార్ట్)

జవాబు: ఇల్లు మారిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలనీ, అందుకు ఇంటి యజమాని ఇచ్చే ధ్రువపత్రం కావాలనీ మీకు చెప్పింది బహుశా మన తెలుగువారే అయివుంటారు. ఆ స్నేహాలను తగ్గించుకోమని నేను చెప్పను. అయితే వారు తమకు ఎదురైనంత వరకే చెప్పగలరు. ఏ కాగితంలోనూ రాసి ఉండని మర్యాదలు ఆ ఊరివారి ద్వారానే తెలియాలి.

మీరుంటున్న ష్వాబియా ప్రాంతంలో ‘కేర్‌వోహె’ అనే ఆచారం చాలా ఇళ్లలో నేటికీ ఉంది. ఒకే భవనంలోని కుటుంబాలు వంతులవారీగా మెట్లూ వాకిలీ శుభ్రం చేస్తాయి. ఎవరి వారమైతే వారి తలుపుకు చిన్న పలక వేలాడుతుంది. అదేమిటో తెలియక ఊరుకున్న కొత్తవారిని నిర్లక్ష్యపు మనుషులని ఇరుగుపొరుగు అనుకునే ప్రమాదం ఉంది, పైకి అనకపోయినా. అదే ఎదురింటావిడను ‘మా వంతు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అండీ?’ అని అడిగి చూడండి. ఆదివారం ఖాళీ సీసాలను గాజు వ్యర్థాల కోసం పెట్టిన తొట్టెల్లో వేయకూడదనీ, రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదనీ ఆవిడే చెప్పవచ్చు.

విదేశీ ఉద్యోగుల సర్దుబాటును బ్లాక్, మెండెన్‌హాల్, ఒడూ అనే పరిశోధకులు 1991లో మూడు పాళ్లుగా విడదీశారు: పని, దైనందిన జీవితం, స్థానికులతో మెలగడం. మీ ఉత్తరాన్ని బట్టి మొదటిది కుదిరింది, మూడోది మొదలే కాలేదు. ఊరు పరాయిగా తోచడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

వాళ్లే పిలుస్తారని ఎదురుచూస్తే మూడేళ్లూ ఇట్టే గడిచిపోతాయి. ఫోల్క్స్‌హోహ్‌షూలె అనే వయోజన విద్యాకేంద్రంలో సాయంత్రం జర్మన్ తరగతులుంటాయి, చేరండి; కానీ అక్కడ మీ పక్కన కూర్చునేదీ మీలాంటి విదేశీయులే. స్థానికులు దొరికేది ‘ఫెరైన్’ అనే సంఘాల్లో. బ్యాడ్మింటనో చదరంగమో, మీకు ఇష్టమైనదాని సంఘంలో సభ్యులై ప్రతివారం తప్పక వెళ్లండి. ఆఫీసులో మీ పై అధికారి కాని సహోద్యోగిని ఒకరిని చూసుకుని, జర్మన్‌లో వచ్చిన ఉత్తరం చదివిపెట్టమని అడగండి. మీ పుట్టినరోజుకు కేకు మీరే తీసుకువెళ్లండి, అక్కడి పద్ధతి అదే.