ఆర్మీ ట్రైనింగ్‌కి కాలేజీ క్రెడిట్లు ఇస్తారా?

మీ తమ్ముడు అమెరికా ఆర్మీలో నాలుగేళ్లు పూర్తి చేసుకుని బయటికొస్తున్నాడు, బిజినెస్ డిగ్రీలో చేరితే ఆ ట్రైనింగ్‌కి క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కేసే పాయింట్లు ఇస్తారా అని అడిగారు. ఇస్తారండీ. అయితే అవి డిగ్రీలో దేని కింద జమ అవుతాయన్న దగ్గరే పేచీ అంతా.

నేనూ ఆర్మీలో 92ఏగా, అంటే సప్లై గోడౌన్‌లో పనిచేసి, తర్వాత బిజినెస్ చదివాను. ముందు జేఎస్‌టీ, అంటే జాయింట్ సర్వీసెస్ ట్రాన్స్‌క్రిప్ట్ తీయమనండి. ఆన్‌లైన్‌లో ఉచితమే, కాలేజీకి నేరుగా పంపవచ్చు. చేసిన కోర్సులు, ఉద్యోగం, వాటికి అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ (ఏసీఈ) సిఫార్సు చేసిన క్రెడిట్లు అందులో ఉంటాయి. ఏదైనా కోర్సు అందులో ఎక్కకపోతే యూనిఫాంలో ఉండగానే సరిచేయించుకోవాలి. బయటికొచ్చాక ఆ కాగితాల కోసం తిరగడం పెద్ద తలనొప్పి.

గుర్తుంచుకోండి, అది సిఫార్సు మాత్రమే. ఇవ్వాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. మా అడ్వైజర్ నా జేఎస్‌టీ చూసి దాదాపు అన్నీ ఫ్రీ ఎలెక్టివ్స్‌లో, అంటే మనకిష్టమైన ఏ సబ్జెక్టుతోనైనా నింపుకునే ఖాతాలో వేసేసింది. చూస్తే బోలెడు క్రెడిట్లు! కానీ 120 క్రెడిట్ల డిగ్రీలో ఫ్రీ ఎలెక్టివ్స్‌కి ఉండే చోటు కొంచెమే. అది నిండాక మిగిలినవి ట్రాన్స్‌క్రిప్ట్ మీద అలంకారానికే పనికొస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. జీఐ బిల్, అంటే మాజీ సైనికుల చదువుకి ప్రభుత్వం ఇచ్చే సాయం, డిగ్రీకి అవసరమైన క్లాసులకే ఫీజు కడుతుంది. ఎలెక్టివ్స్ అప్పటికే నిండిపోతే, ఇష్టపడి ఏ ఫొటోగ్రఫీ క్లాసో తీసుకుందామన్నా డబ్బు మన జేబులోంచే.

అందుకని ఏసీఈ మిలిటరీ గైడ్‌లో నా కోర్సు పేజీ ప్రింట్ తీసి, కాలేజీలో ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్ క్లాసు సిలబస్ పక్కన పెట్టి, కలిసే అంశాల కింద పెన్సిల్‌తో గీతలు గీసి, డిపార్ట్‌మెంట్ చైర్‌ని కలిశాను. ఆయన కాగితాలు పక్కన పెట్టి, "రికార్డులో ఉన్న లెక్కకీ ర్యాక్‌లో ఉన్న సరుకుకీ తేడా వస్తే ఏం చేసేవాళ్లు?" అని అడిగారు. మళ్లీ లెక్కపెట్టడం, సరుకు వచ్చిన రసీదులూ, బయటికి ఇచ్చిన లెక్కలూ వెనక్కి తిరగేసి చూడటం, అప్పటికీ తేలకపోతే సర్దుబాటు రిపోర్ట్ రాసి పైవాళ్ల సంతకం తీసుకోవడం, అన్నీ చెప్పాను. ఆ క్లాసు మేజర్‌లో, అంటే డిగ్రీ ప్రధాన సబ్జెక్టులో జమ చేశారు. అకౌంటింగ్ కూడా అడిగి చూశాను, కుదరదన్నారు. అది న్యాయమే, డెబిట్ క్రెడిట్లు మాకెవరూ నేర్పలేదు మరి. బేసిక్ ట్రైనింగ్‌కైతే ఎక్కువగా వ్యాయామం, ఫస్ట్ ఎయిడ్ లాంటి క్రెడిట్లే వస్తాయి. వాటి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దనండి.

చాలా కాలేజీలు కనీసం పావు వంతు క్రెడిట్లు తమ దగ్గరే చదవాలంటాయి. కాబట్టి "మీ సర్వీసుకి సగం డిగ్రీ ఇచ్చేస్తాం" అనే ప్రకటనలు చూసి సంతకం పెట్టొద్దు. ఏ కోర్సుకి బదులు ఏది ఇస్తున్నారో రాతపూర్వకంగా తీసుకున్నాకే చేరమనండి.

ఇంకా సర్వీసులో ఉన్నాడు కాబట్టి, బేస్‌లోని ఎడ్యుకేషన్ సెంటర్‌కి వెళ్లి క్లెప్ పరీక్షల గురించి అడగమనండి, అవి పాసైతే ఆ క్లాసు చదవకుండానే క్రెడిట్ రావచ్చు. సర్వీసులో ఉన్నవాళ్లకి ఒక్కో సబ్జెక్టుకీ మొదటిసారి పరీక్ష ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. ఇంగ్లిష్ కాంపోజిషన్, కాలేజ్ ఆల్జీబ్రా లాంటివి జేఎస్‌టీతో తీరవు, వీటితో తీరిపోవచ్చు. కాకపోతే తను చేరబోయే కాలేజీ ఏ క్లెప్‌ని ఒప్పుకుంటుందో ముందే చూసుకుని రాయాలి.